తాళం తిప్పిన చెయ్యి

"ఇది తీసుకోను."

ఆమె గాజు గొట్టాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. మిషన్లో తిప్పాక రక్తం అడుగుకి దిగి, పైన తేలే నీరు లేత పసుపు రంగులో ఉండాలి. అది గులాబీ రంగులో ఉంది.

"బాగానే ఉందిగా మేడమ్, చూడ్డానికి," అన్నాడు అతను. ఖాళీ పెట్టె కోసం కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు.

"చూడ్డానికి బాగుండటానికి ఇదేమన్నా చీరా? కుదుపులకి కణాలు పగిలిపోయాయి. దీంతో టెస్టు చేస్తే, వచ్చే రిపోర్టు ప్రకారం ఈ పెద్దాయన నిన్ననే పోయి ఉండాలి."

"అయ్యో, పొద్దున నాతో మాట్లాడాడే! గేటు దాకా వచ్చి, జాగ్రత్తగా పట్టుకెళ్ళు నాయనా అన్నాడు."

"పట్టుకొచ్చారుగా జాగ్రత్తగా. ఇప్పుడు ఆయనకి మళ్ళీ సూది గుచ్చాలి. వెళ్ళి మీరే చెప్పండి."

అతని నవ్వు ఆరిపోయింది. ఊరి నలుమూలలా రక్తం తీసే సెంటర్ల నుంచి పెట్టెలు సేకరించి, బైకు మీద ల్యాబుకి చేర్చడం అతని ఉద్యోగం. ల్యాబులో అందరూ అతన్ని ఎక్స్‌ప్రెస్ అంటారు. పాడైన శాంపిళ్ళని నిర్దాక్షిణ్యంగా పక్కన పెడుతుంది కాబట్టి ఆమెను, ఆమె లేనప్పుడు, రిజెక్ట్ మేడమ్ అంటారు.

"వారం నుంచి మీరు తెచ్చిన పెట్టెల్లోనే ఇలా అవుతోంది," అందామె. "బండినేం చేశారు?"

"కొత్త ఎయిర్ ఫిల్టర్ వేశాను." అతని ముఖం మళ్ళీ వెలిగింది. "పాతది సీటు కింద డబ్బాలో ముక్కు మూసుకుని కూర్చునేది. ఇది గరాటులాగా నేరుగా గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ మూతికే తగిలించుకుంటుంది. గాలి బాగా పీలుస్తుంది. పికప్ పెరుగుతుంది."

"పెరిగిందా?"

"పెరిగింది. కాకపోతే..."

"కాకపోతే?"

"యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరో తన్నినట్టు ముందుకి దూకుతుంది."

ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ బండి గేటు దాటి లోపలికి రావడం వెనక గదిలో కూర్చుని కూడా గుర్తుపట్టగలదు. ఇదివరకు నిదానంగా, ఒకే వరసలో మోగేది. ఈ వారం నుంచి బుస కొడుతోంది. వేగం తగ్గించినప్పుడల్లా సైలెన్సర్లోంచి టప్ టప్ మని పేలుతోంది. ఆ పేలుడుకీ తర్వాతి శబ్దానికీ మధ్య ఆమె చేతిలో పని ఆగిపోతోంది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"మెకానిక్‌కి చూపించారా?"

"మా బాబాయే మెకానిక్, ఆయనకే చూపించాను. చెడామడా తిట్టాడు. గాలి పెంచావు, దానికి తగ్గ పెట్రోలు ఎవడు పెంచుతాడురా అన్నాడు. ఇంజను ఆకలితో పరిగెడుతోందట. ఇలాగే నడిపితే వేడెక్కిపోయి ఏదో ఒకరోజు పిస్టన్ పట్టేస్తుందట."

"పట్టేస్తే?"

"వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. ఏం కాదులెండి, బాబాయ్ అన్నీ పెద్దవి చేసి చెప్తాడు."

ఆమె గొట్టాన్ని స్టాండులో పెట్టేసింది. పట్టుకుని ఉంటే జారిపోతుందనిపించింది.

"అది బాగయ్యేదాకా, ఆ బండి మీద తెచ్చిన పెట్టె నేను తెరవను."

"మేడమ్! అంటే నన్నే రిజెక్ట్ చేస్తున్నారా?"

"శాంపిల్ బాగుంటే తీసుకుంటాను," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళాక గాని తనేమందో ఆమెకు అర్థం కాలేదు.

* * *

ఆ సాయంత్రం వాళ్ళమ్మ పొయ్యి ముందు నిలబడి ఒక సంబంధం గురించి చెప్పింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, మంచి ఉద్యోగం, ఒక్కడే కొడుకు.

"మరి ఇంకేం?" అంది ఆమె.

"బైకు ఉందట. వద్దన్నాను."

ఆ ఇంట్లో ఈ మాట మీద వాదన ఉండదు. ఆమె బడికి వెళ్ళే వయసులో, నాన్న బండి చప్పుడు రోజూ సందు మలుపు దాకా వచ్చి, తిరిగి, గుమ్మం ముందు ఆగేది. ఒకరోజు మలుపు దాకా వచ్చి అక్కడే ఆగింది. అమ్మ పొయ్యి తగ్గించి విన్నది. ఎవరో పలకరించి ఉంటారు, మాట్లాడుతున్నాడు అనుకుంది. కంచం పెట్టింది. నీళ్ళు పెట్టింది. వాళ్ళిద్దరూ కూర్చుని ఎదురుచూశారు. కాసేపటికి పక్కింటాయన చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ ఏడుస్తూ కనిపించలేదు. కాని వీధిలో ఏ బండి ఇంజను ఆగినా ఆమె చేతిలో గరిట ఆగుతుంది. కూతురికీ అదే జబ్బు అంటుకుంది. స్టాపు దూరమైనా ఆమె బస్సులోనే తిరుగుతుంది. ఏ బైకు వెనకా కూర్చోలేదు.

పెళ్ళంటూ చేసుకుంటే బండి లేనివాణ్ణి చేసుకోవాలని ఆమె కూడా ఎప్పుడో ఒప్పుకుంది. అప్పటికి ల్యాబులో ఎక్స్‌ప్రెస్ చేరలేదు.

* * *

మర్నాడు అతను బస్సులో వచ్చాడు. పెట్టెని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆలస్యంగా వచ్చాడు.

"ఎక్స్‌ప్రెస్ కాస్తా ప్యాసింజర్ అయిందే!" అని రిసెప్షన్‌లో నవ్వారు.

"రిజెక్ట్ మేడమ్ ఎర్రజెండా ఊపారు, ఏం చేయను?" అన్నాడు అతను. ఆ మాట లోపలి గదిలోకి వినబడింది.

ఆ రోజు నీరు లేత పసుపు రంగులో తేలింది. ఆమె గొట్టాన్ని చూసి, అతన్ని చూసి, మళ్ళీ గొట్టాన్నే చూసింది.

"బాగుందా?" అన్నాడు అతను.

"ఇది బాగుంది."

"బస్సు ఎక్కితే నేనూ బాగానే ఉంటానన్నమాట. కాని మేడమ్, రోజూ ఇంత లేటైతే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఆదివారం బాబాయ్ కార్బురేటర్ సరిచేస్తానన్నాడు. మీరూ రావాలి."

"నేనా? నాకేం తెలుసు?"

"రంగు చూడటం తెలుసుగా. స్పార్క్ ప్లగ్గు ఊడదీసి చూస్తారు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు. మసి పట్టి నల్లగా ఉంటే ఎక్కువైంది. బిస్కెట్ రంగులో ఉంటే సరిపోయింది. నాకూ బాబాయ్‌కీ ఆ రంగు దగ్గరే గొడవ. ఆయన బిస్కెట్ అంటాడు, నేను ఏ బిస్కెట్ అంటాను."

ఆమె నవ్వింది. నవ్విన తర్వాత ఒప్పుకోక తప్పలేదు.

అమ్మతో ల్యాబులో పని ఉందని చెప్పింది. అబద్ధం ఆడిన నోరు బస్సు దిగేదాకా చేదుగానే ఉంది.

* * *

మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక ప్రహరీగోడను ఆనుకుని పోయే రోడ్డు అది. తిన్నగా ఉంటుంది. ఆదివారం ఎవరూ రారు. బాబాయ్ గోనెపట్టా పరిచి దాని మీద స్క్రూడ్రైవర్లు, పానాలు, చిటికెన వేలిగోరంత ఇత్తడి ముక్కలు పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి భారీకాయుడు. లేవాలంటే రెండుసార్లు ఆలోచిస్తాడు.

"రా తల్లీ. ఇదిగో, దీన్ని జెట్ అంటారు." ఒక ఇత్తడి ముక్కను ఆమె అరచేతిలో పెట్టాడు. "మధ్యలో కన్నం ఉంది చూశావా? ఇందులోంచే పెట్రోలు పైకొచ్చేది. కన్నం కాస్త పెద్దదైతే ఇంజను కడుపు నిండుతుంది. మరీ పెద్దదైతే అజీర్తి."

"పాత ఫిల్టరు మళ్ళీ పెట్టేయచ్చు కదండీ?" అంది ఆమె. ఫిల్టరు సంగతి విన్నప్పటి నుంచి ఆమె అడగాలనుకున్న ప్రశ్న అదొక్కటే.

"పెట్టచ్చు. ఆ డబ్బాని వీడు రంపంతో కోసి పారేశాడు. కొత్తదానికి చోటు కావాలిగా! నన్నడిగి కోశాడా?"

ఎక్స్‌ప్రెస్ తల గోక్కున్నాడు.

బాబాయ్ జెట్ మార్చి, బండి స్టార్ట్ చేసి, ఇంజను చప్పుడు చెవి ఒగ్గి వింటూ పక్కనున్న చిన్న స్క్రూని తిప్పాడు. నిలబడి ఉన్న బండి గొంతు కాస్త కుదుటపడింది. ఆకాశం మాత్రం కుదురుగా లేదు. గోడ అవతల నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

"తొందరగా కానివ్వు. రోడ్డు తడిస్తే ఇక కుదరదు," అన్నాడు బాబాయ్. "మూడో గేరు, ఫుల్లు. చెప్పింది గుర్తుందిగా?"

"ఉంది బాబాయ్."

అతను హెల్మెట్ పెట్టుకుని, ఆమె వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు.

శబ్దం దూరంగా పోతూ పెరిగింది. రెండో గేరు. మూడో గేరు. ఆమె వేళ్ళు చున్నీ కొసను చుట్టుకుంటున్నాయి. ఇంజను గొంతు పై స్థాయికి చేరింది, అక్కడే నిలిచింది, గోడ మీద నుంచి మారుమోగింది.

ఆగిపోయింది.

తగ్గలేదు. కత్తితో కోసినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ వెంటనే టైరు కీచుమన్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆమె అప్పటికే పరిగెడుతోంది. వెనక నుంచి బాబాయ్ ఏదో అరుస్తున్నాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. రోడ్డు మీద నల్లగా వంకరగా ఒక గీత కనిపించింది. అది పక్కనున్న గడ్డిలోకి పోయింది. ఎవరో పలకరించి ఉంటారు, ఎవరో పలకరించి ఉంటారు అని ఆమె నోరు దానంతటదే అనుకుంటోంది.

గడ్డిలో బండి నిలబడి ఉంది. దాని పక్కన అతను మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డతో వేడి ప్లగ్గు పట్టుకుని, వెలుతురులోకి ఎత్తి చూస్తున్నాడు.

"ఇంకా తెల్లగానే ఉంది మేడమ్! చూడండి, మీరే..."

ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఆమె రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

"ఏమైంది? పడ్డారా? కాలికేమైనా..."

"ఎందుకు ఆపావు?" అంది చివరికి. మొదటిసారి అతన్ని నువ్వు అంది. "అలా ఎందుకు ఆపావు?"

"అలాగే ఆపాలి. ఫుల్లుగా పోతున్నప్పుడు టక్కున ఆపేస్తేనే ప్లగ్గు మీద ఆ క్షణం రంగు ఉంటుంది. మెల్లగా ఆపితే రంగు మారిపోతుంది. హ్యాండిల్ మీద ఇంజను ఆపే స్విచ్ ఎప్పుడో చచ్చింది. తాళమేమో ట్యాంకు కింద పక్కన ఉంటుంది. ఎడమ చేత్తో తాళం తిప్పి, అదే చేత్తో క్లచ్ పట్టుకునేలోపు బండి కాస్త..." గీత వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీకు ముందే చెప్పాల్సింది."

రొప్పుకుంటూ వచ్చిన బాబాయ్, "నేను చెప్పాల్సింది తల్లీ. మాకు అలవాటైపోయి తోచలేదు," అన్నాడు. ఆమె చెప్పును తెచ్చి పక్కన పెట్టాడు.

ఆమె చెప్పు వేసుకుంది. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, మలుపు గురించి, పొయ్యి గురించి, పెట్టిన కంచం గురించి చెప్పింది. నాలుగు మాటల్లోనే చెప్పింది. అంతకంటే ఎక్కువ ఆమెకు చేతకాలేదు.

అతను హెల్మెట్ తీసి గడ్డిలో పెట్టాడు.

"ఇక చాలు బాబాయ్. ఈ ఫిల్టర్ వద్దు, ఏం వద్దు. బండి అమ్మేస్తా."

"ఉద్యోగం?" అన్నాడు బాబాయ్.

"పోతే పోయింది."

"అసలు ఎందుకు వేశావు దాన్ని?" అందామె. "అంత కొంపలేం మునిగిపోయాయి?"

అతను చేతిలో గుడ్డని మడతలు పెట్టసాగాడు. బాబాయ్ గట్టిగా దగ్గాడు.

"చెప్పరా. డబ్బా కోసేటప్పుడు ఉన్న ధైర్యం ఇప్పుడేమైంది?"

"చివరి పెట్టె తెచ్చేసరికి నీ బస్సు వెళ్ళిపోతుంది," అన్నాడు అతను నేల వైపు చూస్తూ. "కౌంటర్లో వేరే ఆయన ఉంటాడు. కాస్త ముందొస్తే... నువ్వు ఉంటావు కదా అని."

"నా కోసమా?"

"తిట్టించుకోవడానికైనా."

"నేను అటు తిరిగి మబ్బులు చూస్తున్నాలే. మీరు కానివ్వండి," అన్నాడు బాబాయ్, నిజంగానే అటు తిరిగి.

ఆమెకు నవ్వు వచ్చింది, భయం పోలేదు. రెండూ ఒకేచోట ఉండగలవని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇతను బండి అమ్మేస్తాడు, అమ్మ ఒప్పుకుంటుంది, అంతా సుఖంగా ఉంటుంది. కాని వీధిలో ఏదో ఒక బండి ఆగుతూనే ఉంటుంది. తన చెయ్యి ఆగుతూనే ఉంటుంది.

"ఇంకా పెద్ద జెట్ ఉందా బాబాయ్?"

"ఉంది తల్లీ. కాని వేశాక మళ్ళీ ఇలాగే పరిగెత్తించి చూడాలి. మళ్ళీ ఆపాలి."

"తాళం తిప్పడానికి ఇంకో చెయ్యి ఉంటే?"

"అసలు పద్ధతే అది. వెనక ఒకరు కూర్చుని తిప్పాలి. నేను కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుందని..." బాబాయ్ మాట మధ్యలో ఆపి ఆమె వైపు తిరిగాడు.

"వద్దు," అన్నాడు ఎక్స్‌ప్రెస్ వెంటనే. "నువ్వు ఎక్కొద్దు."

"ఇప్పుడు నన్ను నువ్వు రిజెక్ట్ చేస్తున్నావా?"

అతను గడ్డిలోంచి హెల్మెట్ తీసుకున్నాడు.

* * *

బాబాయ్ జెట్ మార్చాడు. పెట్రోలు దారికి అడ్డుండే లోపలి సూదిని ఒక మెట్టు పైకి లేపాడు. తన హెల్మెట్ ఆమె తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, లాగి చూశాడు. ఇద్దరి బరువుతో ఇంజను ఇంకా కష్టపడుతుంది, ప్లగ్గు ఇంకా నిజం చెప్తుంది అని ధైర్యం చెప్పాడు.

ఆమె ఎక్కింది. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అతను వంగి ఫుట్‌రెస్ట్ తెరిచి, ఆమె పాదం దాని మీద పెట్టాడు.

"కుడిచేత్తో నన్ను గట్టిగా పట్టుకో. ఎడమ చెయ్యి ఇక్కడ. ఇదీ తాళం. నేను సరే అనగానే తిప్పెయ్. క్లచ్ నేను పట్టేసుంటాను."

"నువ్వు సరే అన్నది నాకు వినబడకపోతే?"

"అరుస్తాను."

"నేను తిప్పలేకపోతే?"

"రోడ్డు అయిపోతుంది. మెల్లగా ఆపేసి వెనక్కి వచ్చేస్తాం. ఎవరూ ఏమీ అనరు."

తొలి చినుకు ట్యాంకు మీద పడింది. బండి కదిలింది.

ఈసారి అది ఊపిరి బిగబట్టలేదు. తిప్పినకొద్దీ లాగింది, ఎక్కడా తన్నలేదు. ఆమె కళ్ళు మూసుకుంది, అలా ఇంకా భయమేసింది, తెరిచింది. గోడ చారలా పోతోంది. అతని చొక్కా ఆమె పిడికిట్లో నలిగిపోతోంది. అతని వీపుకి ఆనిన తన గుండె అతనికి తెలిసిపోతుందని సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. మూడో గేరు. ఆ శబ్దం పై స్థాయికి చేరింది, అక్కడే నిలిచింది. ఆమె ఎడమచేతి వేళ్ళ మధ్య తాళం వణుకుతోంది.

"సరే!"

ఆమె తిప్పలేదు.

"సరే! తిప్పు!"

రోడ్డు చివరి గేటు కనబడుతోంది. నాన్న బండిని ఎవరు ఆపారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. దీన్ని ఎవరు ఆపుతారో తెలుసు.

తిప్పింది.

శబ్దం తెగిపోయింది. బండి మాత్రం ఆగలేదు. గాలి వినబడింది, టైర్ల కింద రోడ్డు వినబడింది, చినుకులు వినబడ్డాయి. అతను ఊపిరి పీల్చడం వినబడింది. నిశ్శబ్దంలో కూడా మనిషి ముందుకి పోతూ ఉండగలడని ఆమె అనుకోలేదు. బండి నెమ్మదిగా, తిన్నగా, గీత ఏమీ గీయకుండా వెళ్ళి గేటు ముందు నిలబడింది.

ఇద్దరూ దిగలేదు. ఆమె చెయ్యి అతని చొక్కాని వదల్లేదు.

"ప్లగ్గు చూడాలి," అన్నాడు అతను.

"కాసేపు ఆగు."

తర్వాత ఊడదీసి, వానకి తన అరచెయ్యి అడ్డం పెట్టి, ఆమెకు చూపించాడు. ఆమె వంగి చూసింది. రంగు విషయంలో ఆమెకు ఎప్పుడూ తడబాటు లేదు.

"ఇది తీసుకుంటాను," అంది.

* * *

"బస్ స్టాపు దగ్గర దింపనా?" అని అడిగాడు అతను.

"వద్దు. అమ్మకి అబద్ధం చెప్పి వచ్చాను. వెళ్ళేటప్పుడు నిజంతో వెళ్తాను."

"మీ అమ్మగారు నన్ను చంపేస్తారు."

"నాకూ ఆ భయమే."

సందు మలుపు దగ్గర అతను వేగం బాగా తగ్గించాడు. ఎవరూ చెప్పకుండానే తగ్గించాడు. ఇంజను ఒకే వరసలో మోగుతూ మలుపు తిరిగి, గుమ్మం ముందుకి వచ్చింది.

అమ్మ తలుపు దగ్గర ఉంది, చేతిలో గరిటతో. బండిని చూసింది. వెనక కూర్చున్నది ఎవరో హెల్మెట్ వల్ల ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక తలుపు పట్టుకుంది.

అతను గబగబా తాళం వైపు చెయ్యి చాపాడు.

"ఆపకు," అంది అమ్మ.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఉండనీ. అలాగే ఉండనీ కాసేపు."

అమ్మ మెట్లు దిగి వానలోకి వచ్చింది. కూతురి చేతులు చూసింది, మోకాళ్ళు చూసింది, కిందపడ్డ పిల్లని చూసినట్టు చూసింది. ఇంజను మోగుతూనే ఉంది. అమ్మ కాసేపు దాన్నే విన్నది.

"అమ్మా, ల్యాబుకి వెళ్ళలేదు," అంది ఆమె. "ఇతను..."

"తెలుస్తోందిలే." అమ్మ అతని వైపు తిరిగింది. గొంతులో కోపం తెచ్చుకోవాలని చూసింది గాని, అది సరిగ్గా రాలేదు. "ఏం బాబూ, రోజంతా దీని మీదే తిరుగుతావా?"

"ఉద్యోగమే అది ఆంటీ."

"ఎంత దూరమైనా పో. కాని ఇంటికొచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర ఆగకూడదు. ఎవరు పిలిచినా ఆగకూడదు. మాట్లాడాల్సి వస్తే వాళ్ళని ఇక్కడికే తీసుకొచ్చి మాట్లాడు. ఈ గుమ్మం ముందే ఆపాలి. అర్థమైందా?"

"అర్థమైంది ఆంటీ." ఆవిడ తనకు ఏ మాట ఇచ్చేసిందో అతనికి అప్పుడు గాని తట్టలేదు. "అంటే... రోజూనా?"

"మరి నీ ఇష్టమొచ్చిన రోజునా?"

ఆమె హెల్మెట్లో తల దించుకుంది. చినుకులు వేడి సైలెన్సర్ మీద పడి చుయ్యిమంటున్నాయి.

అమ్మ గరిటను ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు ఆపు."

వెనక సీటు మీంచి కూతురు వంగి తాళం తిప్పింది. వీధి నిశ్శబ్దమైపోయింది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఇంజను దగ్గర సన్నగా టిక్, టిక్ మని వినబడింది.

"ఆ చప్పుడేంటి?" అమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"ఏం కాదు ఆంటీ. వేడి ఇనుము చల్లారుతోంది. కాసేపు పడుతుంది."

"చల్లారనీ," అంది అమ్మ. "అందాకా నువ్వు బయటెందుకు, లోపలికి రా."